ఏడో గూటి వియ్యంకులు

మా అత్తవారి పెరట్లో ఒక చింతచెట్టుంది. దాని మీద ఈ ఏడు పదమూడు గూళ్ళు. పిచ్చుక గూళ్ళు కావు, ముక్కు కింద సంచి వేలాడేసుకుని మేకపిల్లంత ఉండే గూడకొంగల గూళ్ళు. దసరా వెళ్ళగానే వస్తాయి. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. ఆ ఆరు నెలలూ పెరట్లో బట్టలు ఆరేసుకోడానికి లేదు. నేను ముగ్గు వేస్తే దాని మీద అవి ఇంకో ముగ్గు వేస్తాయి. గజపతినగరం నుంచి కాపురానికొచ్చిన కొత్తలో ఆ నీచు వాసనకి మూడు రోజులు అన్నం తినలేకపోయాను. ఆ మాటే అంటే మా అత్త జగ్గమ్మ, పురిటిల్లు వాసనెయ్యదేటి అని నన్నే ఎదురు అడిగింది.

ఈ ఊరివాళ్ళకి అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. ఇదేదో మాటవరసకి అనేది కాదు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో డప్పు మోగదు, దీపావళికి ఒక్క టపాకాయ పేలదు, పెళ్ళి మేళమైనా ఊరి బయటే ఆగిపోవాలి. పెరట్లో అంత చెట్టు పెట్టుకుని మేం చింతపండు బజార్లో కొనుక్కుంటాం. మొదటి కొంగ దిగిన రోజున మా మామ కూర్మయ్య చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, పసుపు రాసి, "వచ్చేరా అమ్మా" అని పలకరిస్తాడు. నా పురిటికి మా నాన్న కూడా నన్నంత ప్రేమగా పలకరించలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తిట్టుకుంటూనే ఊడుస్తాను, తిట్టుకుంటూనే కడుగుతాను. కానీ కిందటేడు జరిగింది చూశాక ఆ తిట్టడం కూడా చేతకాలేదు. వానల్లేక చుట్టుపక్కల మడుగులన్నీ ఎండిపోయాయి. తల్లులు మేత కోసం ఎక్కడెక్కడికో పోయేవి. ఆకలికి పిల్లలు గూట్లో ఒకదాన్నొకటి తోసుకుని కింద పడేవి. కింద పడ్డ పిల్లకి తల్లి మేత పెట్టదు. మా అత్త వాటిని ఏరి పశువుల శాలలో గడ్డి మీద పడుకోబెట్టి, మేం కూరకి తెచ్చుకున్న చేపలే వాటి నోట్లో పెట్టేది. పదకొండు పిల్లలకి ఒక ఇంటి కూర ఏ మూలకి? తొమ్మిది చచ్చిపోయాయి. చచ్చిన ప్రతిదాన్నీ పసుపు గుడ్డలో చుట్టి శాల వెనక పాతిపెట్టి, ఆ పూట అన్నం మానేసేది. ఆఖరుదాన్ని పాతిన రోజున నేనూ తినలేదు. నేను ఏడుస్తానని నాకే తెలీదు.

అందుకే ఈ ఏడు కార్తీకంలో పక్షుల సంస్థ నుంచి పోతురాజు అనే ఆయన మోటారు సైకిలు మీద వచ్చి కాగితం చూపిస్తే, వెనకాముందూ చూడకుండా సంతకం పెట్టేశాను. పట్నంలో ఒక్కో కుటుంబం ఒక్కో గూటిని స్పాన్సర్ చేస్తుందట. వాళ్ళిచ్చేదాంతో చెట్టు కింద వల కడతారు, పడ్డ పిల్లలకి రోజూ చేపలు వస్తాయి. మేం చెయ్యాల్సిందల్లా వాళ్ళ పేర్లు రాసిన రేకు బోర్డు చెట్టుకి తగిలించుకోవడం, ఆదివారం ఆదివారం ఫోటోలు పంపడం. మా ఏడో గూటికి విశాఖపట్నం నుంచి పృథ్వీరాజ్, కుసుమకుమారి దంపతులు కుదిరారు. మొదటి పిల్ల కింద పడ్డ రోజు నుంచే చేపలమ్మే బుల్లమ్మ ఆటోలో తట్టెడు కవళ్ళు దింపడం మొదలుపెట్టింది. ఈ ఏడు శాలలో చేరిన పిల్లలు ఆరు. ఆరూ బతికే ఉన్నాయి.

ఒక్క తప్పు చేశాను. ఆ చేపలు సర్కారు పంపుతోందని మామతో చెప్పాను. ఎందుకంటే ఆయన సంగతి నాకు తెలుసు. పురుడు పుట్టింటి పని. పుట్టింటివాళ్ళు ఉండగా ఇంకొకళ్ళు పురిటి ఖర్చు పెట్టడమంటే వాళ్ళ మొహాన ఉమ్మేసినట్టు లెక్క. సర్కారు పరాయిది కాదు, దానికైతే ఆయన అభ్యంతరం చెప్పడు. బోర్డు కూడా అక్షరాలు గోడవైపు ఉండేట్టు తగిలించాను.

మాఘమాసంలో పోతురాజుగారు నాకు ఫోన్ చెయ్యబోయి మామకి చేశారు. ఆదివారం మీ స్పాన్సర్లు తమ పిల్లని చూసుకోడానికి వస్తున్నారని చెప్పారు. మామ నెమ్మదిగా పెరట్లోకి వెళ్ళి, బోర్డు ఇటు తిప్పి, మా ఆయన గిరిబాబుని పిలిచి చదవమన్నాడు. మా ఆయన చదివేసి, ఎచ్చెర్లలో ఏదో పనుందని చెప్పి బండెక్కేశాడు. ఇంట్లో గొడవ మొదలయ్యేటప్పుడు ఆయనకి ఎప్పుడూ ఎచ్చెర్లలో పనే ఉంటుంది.

"మన ఆడపిల్లలకి ఊరూ పేరూ తెలీనోళ్ళు పురుడు పోస్తన్నారేటి యమునా?" అన్నాడు మామ. అరవలేదు. అరిచినా బాగుండును.

కిందటేడు తొమ్మిదింటిని పాతిపెట్టిన సంగతి గుర్తు చేశాను. అవి చచ్చిపోతే పరువు నిలబడుతుందా అని కూడా అనేశాను. ఆయన, వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేద్దామని, సోమవారం నుంచి బుల్లమ్మని రావద్దని చెప్పమని, మా పిల్లలకి మేమే పెట్టుకుంటామని అన్నాడు. దేంతో పెడతావు మావా అని అడిగాను. కండువా దులుపుకుని పొలానికి పోయాడు.

నేను శాలలో కూర్చున్నాను. ఆరు పిల్లలూ ముక్కులు టకటకలాడిస్తూ నా చీర కుచ్చిళ్ళు లాగుతున్నాయి. సోమవారం నుంచి వీటికి ఏం పెట్టాలి? ఇంకో రెండు నెలలు మేపితే గాని రెక్క రాదు. మామది తప్పందామంటే, మా నాన్న కూడా అలాగే అని ఉండేవాడు. నాది తప్పందామంటే, ఈ ఆరూ కళ్ళ ముందున్నాయి. ఎటు ఆలోచించినా తల తిరగడం తప్ప ఏమీ తేల్లేదు.

దారి చూపించింది మా అత్త. చూపించిందో ఇంకా తప్పించిందో ఇప్పటికీ చెప్పలేను. శనివారం పొద్దున్న చేటతో బియ్యం చెరుగుతూ, బాలింతకి పుట్టింటోళ్ళు కాకుండా పెట్టే హక్కు ఇంకెవరికుంటుందని నన్ను అడిగింది. అత్తవారికి అన్నాను. బారసాలకి అత్తోరు తెచ్చింది పుట్టింటోళ్ళు కాదనకూడదు కదా అంది. కాదనకూడదు అన్నాను. అయితే వచ్చేవాళ్ళు అత్తోరు, రేపు బారసాల, అంతేనని తేల్చేసింది. ఆవిడ వేళాకోళమాడుతోందేమోనని మొహంలోకి చూశాను. ఆవిడ అప్పటికే పసుపు దంచడానికి లేచింది.

ఆదివారం పదింటికి కారు వచ్చింది. పృథ్వీరాజ్ గారు టోపీ పెట్టుకున్నారు. కుసుమకుమారి గారు కాటన్ చీరలో, నెమ్మదైన మనిషిలా ఉన్నారు. తొమ్మిదేళ్ళ కూతురు రేఖ మెడలో బైనాక్యులర్స్. డిక్కీలో ఐసుపెట్టె నిండా చేపలు. వాళ్ళు కారు దిగీ దిగగానే మా అత్త ఇత్తడి చెంబుతో ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చి, బొట్టు పెట్టి, రండి వదినగారూ అని చెయ్యి పట్టుకుంది. తన కూతురి వయసున్న మనిషి వదినగారెలా అయిందో తెలీక కుసుమకుమారి గారు నా వైపు చూశారు. నేను చెట్టు వైపు చూశాను. పృథ్వీరాజ్ గారు నా పక్కకొచ్చి, ఇది సంస్థ వాళ్ళ కార్యక్రమమా అని గుసగుసగా అడిగారు. అవునూ కాదూ అన్నట్టు తలాడించాను.

మామ నులక మంచం మీద బిగుసుకుని కూర్చున్నాడు. అత్త ఆయన వంక చూడనైనా చూడకుండా, ఏడో గూటి నుంచి పడ్డ పిల్లని చేటలో కూర్చోబెట్టి, కాలికి పసుపుతాడు కట్టి, రేఖని పేరు చెప్పమంది. ఆ పాప ఫోటోలు చూసి ఎప్పుడో పేరు పెట్టేసుకుందట, మబ్బు. వంగి చెవి ఎక్కడుందో వెతుక్కుంటుంటే మబ్బు బైనాక్యులర్స్ తాడు నోట కరుచుకుని వదల్లేదు. ముగ్గురం లాగితే గాని రాలేదు. అత్త అప్పుడు ఐసుపెట్టె తెచ్చి మామ ముందు పెట్టించింది. బారసాలకి అత్తోరు తెచ్చిందని, కాదనకూడదని గట్టిగా చెప్పింది.

మామ ఐసుపెట్టెని చూశాడు, వాళ్ళని చూశాడు. మా మామలో ఉన్న చిక్కేమిటంటే, ఒక మాట ఒప్పుకున్నాడంటే దాని చివరిదాకా పోతాడు. "సరే బావగారూ. ఐదో నెల వచ్చాక మంచి రోజు సూసుకుని రండి. తల్లినీ పిల్లనీ తీసుకెల్దురు గాని" అన్నాడు.

పృథ్వీరాజ్ గారికి చెమటలు పట్టాయి. తమది మూడో అంతస్తులో ఫ్లాటని, అసలు అడవి పక్షుల్ని ఇంట్లో పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదని, జైల్లో వేస్తారని చెప్పారు. కోడల్ని ఇంటికి తీసుకెళ్తే జైలేమిటని మామ అడిగాడు. నేను మధ్యలో దూరి వాళ్ళకి ఈ ఊరి పద్ధతి, మామకి ఆ చట్టం వివరించబోయాను. ఒకళ్ళకి చెప్పాల్సింది ఇంకొకళ్ళకి చెప్పి ఇద్దరినీ ఇంకా గందరగోళంలో పడేశాను. రేఖ మాత్రం మబ్బుని నిజంగానే తీసుకెళ్దామా అని తండ్రి చొక్కా పట్టుకు లాగుతోంది.

మామ మంచం మీంచి లేచాడు.

"తీసుకెల్లనోళ్ళు అత్తోరెలాగవుతారు? సేపలు కార్లో ఎట్టీయండి బాబూ" అన్నాడు. చేతులు జోడించి మరీ అన్నాడు. పృథ్వీరాజ్ గారు చిన్నబుచ్చుకుని ఐసుపెట్టె ఎత్తబోయారు. శాలలో మిగతా ఐదూ మేత కోసం ముక్కులు కొట్టుకుంటూనే ఉన్నాయి.

అప్పుడు కుసుమకుమారి గారు మాట్లాడారు. అంతసేపూ ఆవిడ చెట్టు మీదికే చూస్తూ నిలబడ్డారు.

"తీసుకెళ్ళక్కర్లేదండీ. అవే వచ్చేవి మా దగ్గరికి" అన్నారు.

మామకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆవిడ నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ బిల్డింగు వెనక చెరువొకటి ఉండేదట. వేసవి రాగానే ఈ కొంగలు గుంపుగా దిగేవట. బాల్కనీలో కూర్చుని రేఖకి అన్నం తినిపిస్తూ వాటిని లెక్కపెట్టేవారట. ఎక్కడి నుంచి వస్తాయో తెలీదు. సంస్థ వాళ్ళు పెట్టిన ఫోటోల్లో మా చింతచెట్టు చూసి, ఇవేనని గుర్తుపట్టి పేరు రాయించుకున్నారట.

మామ మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఆయన తాత కాలం నుంచి ఈ ఊళ్ళో అంటున్న మాటే, ఎండలు ముదిరితే పిల్లలు అత్తారింటికి పోతారని. ఆ అత్తారిల్లు ఎక్కడుందో చూసినవాడు లేడు, అక్కడి నుంచి వచ్చి చెప్పినవాడూ లేడు. ఆయన మొహంలో బిగువంతా పోయింది. కండువా తీసి మంచం మీద దులిపి, పృథ్వీరాజ్ గారిని కూర్చోమని చోటు చూపించాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. కూతుర్ని ఇచ్చిన ఏ తండ్రైనా మొదట అడిగేదే ఆయనా అడిగాడు.

"మా పిల్లలు బాగున్నారా అమ్మా అక్కడ?"

పృథ్వీరాజ్ గారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. మామ ఇంకోసారి అడగబోతుంటే ఆవిడే అన్నారు.

"చెరువు పూడ్చేశారండీ. ఏడాది దాటింది. కిందటి వేసవిలో వచ్చాయి. నాలుగు రోజులు పైనే తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. ఎక్కడికెళ్ళాయో తెలీదు. మేముండే బిల్డింగు కట్టింది కూడా ఆ చెరువు జాగాలోనేనటండి. కొనుక్కున్నాక తెలిసింది మాకు."

అత్త చేటలోంచి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. మామ తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా నేను అడ్డు చెప్పేదాన్ని కాదు. జాలిపడాల్సింది ఎవరి మీదో, కోప్పడాల్సింది ఎవరి మీదో నాకు తెలీలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది.

మామ లేచి ఐసుపెట్టె తనే ఎత్తుకున్నాడు. శాలలోకి పోయి నేల మీద చతికిలబడ్డాడు. నేను వెనకే వెళ్ళాను. ఒక్కో పిల్ల నోట్లో ఒక్కో చేపా పెట్టి, మింగేదాకా ఆగి, ఇంకోటి పెడుతున్నాడు. ఎప్పుడూ మూడేసి పెడతాం. ఆయన ఐదేసి పెట్టాడు.

"యమునా, రేపట్నుంచి బుల్లమ్మని రెండు తట్టలు తెమ్మను."

"ఏల మావా?"

"బలం పట్టాల పిల్లలకి. ఎల్లినకాడ దిగడానికి సోటు లేదంట. అలగే ఎగురుతుండాల గదా."