బాబాయ్ కాఫీ తాగే లైను

మా బాబాయ్ కంటి ఆపరేషన్ ఇన్నాళ్ళూ వాయిదా పడటానికి కారణం పెద్దత్త. పెద్దత్త అంటే మనిషి కాదు, మా మెయిల్ సర్వరు. వెనక గదిలో ఇనుప అరల మధ్య కూర్చుని ఉంటుంది. ఫ్యాను చప్పుడు ఎక్కువ, ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ మోస్తుంది, ఒకసారి ఆపితే ఓ పట్టాన లేవదు. అందుకని బాబాయ్ దానికి ఆ పేరు పెట్టాడు. దాని కింద అరలో ఉన్నది వియ్యంకుడు. బ్యాకప్‌లన్నీ, అంటే అన్నిటి నకళ్ళూ, ఆయన దగ్గరికే వెళ్తాయి. ఎంత చోటిచ్చినా చాల్లేదని అలుగుతూ ఉంటాడు. ఇంకా తోడల్లుడు, మరదలు కూడా ఉన్నారు గానీ వాళ్ళతో మనకిప్పుడు పని లేదు.

మాది టైలర్ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. డ్రైవింగ్ స్కూలు, పశువుల ఆసుపత్రి, ఫొటో స్టూడియో లాంటి వాళ్ళ వెబ్‌సైట్లూ మెయిళ్ళూ మా సర్వర్ల మీద నడుస్తాయి. సర్వర్లను బాబాయ్, నేను చూస్తాం. ఫోన్లు పిన్ని చూస్తుంది. మా ఇద్దరినీ కూడా పిన్నే చూస్తుంది.

రోజూ పొద్దున ఆఫీసు తెరవగానే బాబాయ్ చేసే పనికి పలకరింపులని పేరు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఒక్కో సర్వర్లోకి వెళ్ళడం, డిస్కు ఎంత నిండిందో అడగడం, మిషన్లు రోజూ రాసుకునే లాగ్ ఫైళ్ళలో పాతవి తీసి పారేయడం, పెద్దత్తను ఒకసారి ఆపి మళ్ళీ లేపడం, పరీక్షకని ఒక మెయిలు పంపడం, చివరికి వియ్యంకుడికి బ్యాకప్ అప్పగించడం. అన్నీ చేత్తో టైపు చేస్తాడు. నేను ఇక్కడ చేరిన రోజు ఏ ఆదేశాలు ఏ వరసలో కొట్టాడో ఇప్పటికీ అవే, అదే వరసలో. ఆయన వేళ్ళు నిద్రలో కూడా వాటిని కొట్టగలవని పిన్ని అంటుంది.

ఇలాంటి పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆదేశాలన్నీ ఒక ఫైల్లో వరసగా రాసి పెట్టుకుంటే దాన్నే స్క్రిప్టు అంటారు. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే మిషనే ఒకదాని తరవాత ఒకటి చేసుకుపోతుంది. ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా బాబాయ్ వినలేదు.

"స్క్రిప్టుకి కళ్ళుండవే అమ్మాయ్," అనేవాడు. "అది చేసుకుంటూ పోతుందంతే. నేనైతే చూస్తాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముక్కు తెరకి తగులుతూ ఉండేది. ఒకప్పుడు గోడ దగ్గర ఉండే కుర్చీ మెల్లమెల్లగా జరుగుతూ జరుగుతూ బల్లకి అతుక్కుపోయింది. రెండు కళ్ళల్లోనూ పొర ముదిరిందని, లోపల ఒత్తిడి కూడా పెరుగుతోందని, ఇంకా నాన్చితే ఉన్న చూపు కూడా దక్కదని కళ్ళ డాక్టరు ఖరాఖండిగా చెప్పింది. పిన్ని తేదీ తీసుకోవడం, బాబాయ్ ఫోన్ చేసి రద్దు చేయడం, ఇదొక తంతు అయిపోయింది. ఎందుకయ్యా అంటే ఒకటే జవాబు. "నేను మంచమెక్కితే పలకరింపులెవరు చేస్తారు?"

"నేను లేనా?" అన్నాను ఒకరోజు ఒంటికాలి మీద లేచి.

"నువ్వు తొందర మనిషివి. పెద్దత్తకి తొందర పనికిరాదు."

"అయితే స్క్రిప్టు రాస్తాను. వారం రోజులు నీ పక్కనే నడుస్తుంది. పొల్లు పోకుండా చేస్తే ఆపరేషన్‌కి వెళ్తావా?"

పిన్ని ఫోన్ చేత్తో మూసి, "ఒప్పుకోండి," అంది. ఆ గొంతు వింటే ఎవరైనా ఒప్పుకోవలసిందే. బాబాయ్ తలూపాడు.

అలా ఆయన కళ్ళు నా స్క్రిప్టు మీద ఆధారపడ్డాయి. నాకు గర్వంగానూ ఉంది, కాస్త గుబులుగానూ ఉంది. మర్నాడు ఆయన పక్కన కూర్చుని, ఆయన కొట్టిన ప్రతి ఆదేశాన్నీ అక్షరం వదలకుండా నా మిషన్లోకి ఎక్కించుకున్నాను. తప్పుగా కొట్టి దిద్దుకున్నవి మాత్రం వదిలేశాను. మధ్యలో ఆయన కాఫీకి లేస్తే, నేను కూడా వేళ్ళు విరుచుకుని కింద టైలరుతో కాసేపు కబుర్లాడి వచ్చాను. ఆ టైలరుకి నా జుట్టు మీదే కన్ను. ముందు పాయ మొత్తం నెరిసిపోయింది కదా, రంగు వేసుకోమంటాడు. పిన్ని కూడా అదే పాట. డ్రైవింగ్ స్కూలాయన అయితే నన్ను ఏకంగా పెద్దమ్మగారూ అనడం మొదలెట్టాడు. ఇంతవరకూ దాని గురించి ఒక్క మాటా అననిది బాబాయ్ ఒక్కడే. అంత మర్యాద తెలిసిన మనిషి మా ఇంట్లో ఇంకొకరు లేరని నాకు ఆయనంటే మరీ ఇష్టం.

మొదటి రోజు పలకరింపులు స్క్రిప్టుకే అప్పగించి, బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పేరు కొట్టాను. ఎంటర్ నొక్కాను. డిస్కులు చూసింది, చెత్త ఊడ్చింది, పెద్దత్తను ఆపి మళ్ళీ లేపింది. ఇదంతా బాబాయ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకునేంత సేపట్లో. నేను కాలర్ ఎగరేశాను. ఆ తరవాత పరీక్ష మెయిలు వెళ్ళలేదు. మెయిలు వెళ్ళకపోతే పెద్దత్తను మళ్ళీ ఆపి లేపమని నేనే రాశాను, కాబట్టి ఆపి లేపింది. మళ్ళీ వెళ్ళలేదు. మళ్ళీ ఆపింది. పాపం పెద్దత్త మోచేతి మీద లేవబోయినప్పుడల్లా నా స్క్రిప్టు మంచం మీదికి తోసేస్తోంది.

ఈలోగా ముందు గదిలో ఫోన్లు మోగడం మొదలైంది. పశువుల ఆసుపత్రికి మెయిళ్ళు రావట్లేదు. డ్రైవింగ్ స్కూలుకి రావట్లేదు. "వస్తాయండీ, వచ్చేస్తున్నాయండీ," అంటూ పిన్ని ఒక చెవిన ఒక ఫోను, ఇంకో చెవిన ఇంకో ఫోను పెట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. గబగబా స్క్రిప్టును ఆపేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

బాబాయ్ మాత్రం కాఫీ కప్పుతో వచ్చి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

"అన్నీ రాసుకున్నావు గానీ ఇది రాసుకోలేదేమే?" అని కప్పు ఎత్తి చూపించాడు.

"కాఫీ ఆదేశమా బాబాయ్?"

"మరి? పెద్దత్త లేచి ఎవరి ఉత్తరాలు వాళ్ళ అరల్లో సర్దుకోడానికి టైము పడుతుంది. అందుకే లేపి వెళ్ళి కాఫీ తాగొస్తాను. నేను తాగొచ్చేసరికి ఆవిడ కూడా తయారు. నేను లేచినప్పుడు నువ్వు కూడా లేచిపోయావు. ఇంకెవరు రాసుకుంటారు?"

నాకు ఉక్రోషం వచ్చింది, నవ్వూ వచ్చింది. కూర్చుని స్క్రిప్టు సరిచేశాను. ఇప్పుడది పెద్దత్తను లేపాక పక్కన కూర్చుని, లేచావా లేచావా అని కాసేపటికోసారి మెల్లగా అడుగుతుంది. లేచానని ఆవిడ అన్నాకే మెయిలు పంపుతుంది. ఆ చోట, మిషను పట్టించుకోని, చదివే మనుషుల కోసమే వదిలే రకం లైను ఒకటి రాశాను: ఇక్కడ బాబాయ్ కాఫీ తాగుతాడు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. పలకరింపులు బాబాయే చేత్తో చేస్తాడు, నా స్క్రిప్టు ఏమీ ముట్టుకోకుండా పక్కన నిలబడి ఏ పని ఎలా జరిగిందో మాత్రం చెబుతుంది. చివర్లో ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. రెండో రోజు చెప్పారు. ఆ తరవాత రోజూ చెప్పారు. "ఫరవాలేదే," అన్నాడు బాబాయ్ అయిష్టంగా. పిన్ని కళ్ళ డాక్టరు దగ్గర మళ్ళీ తేదీ తీసుకుంది. నేను గాల్లో తేలిపోతున్నాను.

వారం ముగుస్తుందనగా ఫొటో స్టూడియో వాళ్ళు ఒక పెళ్ళి వీడియోలన్నీ తెచ్చి మా నెత్తిన పోశారు. మర్నాడు పొద్దున బాబాయ్ పలకరింపులు ముగించి, ఒళ్ళు విరుచుకుని, "అందరూ క్షేమం," అని ప్రకటించాడు.

నా తెర మీద స్క్రిప్టు మాత్రం ఇంకో మాట చెబుతోంది. వియ్యంకుడి దగ్గర చోటు లేదు, బ్యాకప్ పడలేదు.

బాబాయ్ దొరికాడు! ఎగిరి గంతేయబోయాను. నా నోరు ఊరుకునే రకం కాదు. కాఫీ కప్పు చూపించి నవ్వినదానికి వడ్డీతో సహా తీర్చుకుందామని ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళాను. ఆయన తెర మీద కూడా అదే ఉంది. చోటు లేదని, బ్యాకప్ పడలేదని, చివరి లైన్లో, ఆయన ముక్కుకి బెత్తెడు దూరంలో. ఆయన దాని వైపే చూస్తున్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"బాబాయ్, చివరి లైను చదువు."

"ఏముందే, బ్యాకప్ అయింది," అన్నాడు తేలిగ్గా. రోజూ అక్కడ ఉండే మాట అదే.

ఆయన చదవడం లేదు. ఎన్నాళ్ళ నుంచో చదవడం లేదు. అలవాటైన వేళ్ళు కొట్టుకుపోతున్నాయి, అలవాటైన జవాబు ఆయన మనసులోనే వినిపిస్తోంది. గెలిచానన్న సంబరం ఎటు పోయిందో పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషిని వెక్కిరించడానికా నేను ఇక్కడికొచ్చాను?

"వియ్యంకుడు అలిగాడు బాబాయ్," అన్నాను. "చోటు లేదంటున్నాడు."

బాబాయ్ తెర వైపు ఇంకా ముందుకి వంగాడు. తల కొంచెం అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీ స్క్రిప్టు చూసిందా?"

"చూసింది."

"మీ పిన్నికి చెప్పకే."

"చెప్పక్కర్లేదు," అంది పిన్ని గుమ్మంలోంచి. "ఎదురుగా గోడ గడియారం పెట్టుకుని నన్ను టైము అడుగుతుంటే నాకు తెలీదనుకున్నారా? సర్వర్ల వంక పెడుతున్నారు గానీ, అసలు సంగతేంటో చెప్పండి."

బాబాయ్ నేలకేసి చూస్తూ, "భయం," అన్నాడు. "నిద్రపోయే మత్తు కూడా ఇవ్వరట. మెలకువగా ఉండగానే కంట్లో కత్తి పెట్టి, లోపలిది తీసి, కొత్తది పెడతారట."

ఆయన ముందు పిన్ని నేల మీదే కూర్చుని చేయి పట్టుకుంది. నాకు తోచిందే చెప్పాను.

"పోయినేడు తోడల్లుడికి డిస్కు పాడైతే ఏం చేశావు బాబాయ్? వాణ్ణి ఆపావా?"

"ఆపలేదు."

"నడుస్తుండగానే పాతది లాగి కొత్తది పెట్టావు. వాడికి తెలియనైనా తెలీలేదు. నువ్వే చెప్పావు, చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే ఏమీ కాదని."

బాబాయ్ ఆలోచించాడు. "ఆ డాక్టరమ్మకి చెయ్యి తిరిగిందంటావా?"

"నీకంటే ఎక్కువే తిరిగుంటుంది," అంది పిన్ని. ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వియ్యంకుడికి చోటు చేయమని నాకు పని చెప్పి, చొక్కా సర్దుకుని లేచాడు.

ఒక కన్ను, కొన్ని వారాల తరవాత ఇంకో కన్ను. ఆయన లేని రోజుల్లో పలకరింపులన్నీ స్క్రిప్టే చేసింది. నేను పేరు కొట్టడం, అది చేసుకుపోవడం. పెద్దత్త లేచే వేళకి మాత్రం పిన్నీ నేనూ అలవాటుగా లేచి కాఫీ పెట్టుకునేవాళ్ళం. సరిగ్గా కప్పు నోటి దగ్గర పెట్టుకోగానే ఇంటి నుంచి ఫోను. "ఆవిడ లేచిందా?" అని. కంటికి కట్టు ఉన్నా చెవులకి లేదుగా, ఫోను ఫ్యాను దగ్గర పెట్టమనేవాడు. ఆ చప్పుడు విని తృప్తిపడి పెట్టేసేవాడు.

డాక్టరు సరేనన్నాక బాబాయ్ ఆఫీసుకొచ్చాడు. మెట్ల దగ్గరే టైలరు దుకాణం బోర్డు పైకి చదివాడట, టైలరు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, ముక్కు తెరకి ఆనించబోయి ఆగాడు. కాళ్ళతో నేలని ఒక తోపు తోశాడు. కుర్చీ జర్రున వెనక్కి జారి గోడకి కొట్టుకుంది. ఎప్పుడో పాత రోజుల్లో అది ఉండే చోటికే వెళ్ళింది.

"ఏదీ, నీ స్క్రిప్టు తెరువు," అన్నాడు.

తెరిచాను. గోడ దగ్గర్నుంచే ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చాడు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. డిస్కులయ్యాయి, చెత్త ఊడ్చడమయింది, పెద్దత్తను లేపడమయింది. అక్కడ గొంతు ఆగింది.

"ఇక్కడ బాబాయ్ కాఫీ తాగుతాడు," అని పైకి చదివి, పకపకా నవ్వుతూ నన్ను ఏదో అనబోయి నా వైపు తిరిగాడు.

నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటే అమ్మాయ్?"

"ఏది బాబాయ్?"

"నీ జుట్టు. ఎప్పుడు నెరిసిందే?"

"రెండేళ్ళయింది."

"రోజూ నా ఎదురుగానే కూచున్నావు కదే," అన్నాడు. పిన్ని మోగుతున్న ఫోను ఎత్తకుండా చూస్తూ నిలబడింది.

ఏం చేయాలో తెలియక, స్క్రిప్టు పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. అది గబగబా పనులు చేసుకుపోయి, పెద్దత్తను లేపి, పక్కన కూర్చుని, లేచావా అని అడగడం మొదలెట్టింది.

"కాఫీ తేనా బాబాయ్?"

"వద్దు, కూచోవే. ఆవిడ లేచేదాకా ఖాళీయే కదా," అని బాబాయ్ తెరని వదిలేసి కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.