పరిగె తూకం

పరిగెను తూచకూడదని నాకెవరూ చెప్పలేదు. బీటెక్‌లో ఆ సబ్జెక్టు లేదు.

విడపనకల్లు దగ్గర విజయభాస్కర్ చేలో శెనక్కాయ పీకేశారు. వాన లేక నేల బిగుసుకుపోయి, చాలా కాయ తెగి మట్టిలోనే ఉండిపోయింది. దాన్ని ఊరి ఆడవాళ్ళు కొడవలి మొనతో తవ్వి ఏరుకుంటారు. అదే పరిగె. ఎంత దొరికిందని రైతు అడగడు, వీళ్ళు చెప్పరు. వాళ్ళలో ఒకరైన అక్కమ్మ ఇంట్లో ఉగాది దాకా నూనె, ఊరిబిండి పచ్చడి, మనవళ్ళ చిరుతిండి అన్నీ అందులోంచే.

నేను వ్యవసాయ వార్తల వెబ్ ఛానల్లో రిపోర్టర్ని. డేటా లేనిదే స్టోరీ కాదనుకునే రకం. అక్కమ్మ సంచిని తూకం కొక్కేనికి తగిలించి, "నాలుగున్నర కిలోలు!" అని కెమెరా ముందు అరిచాను. మనిషికి రోజుకి అంత, పన్నెండు మంది, పది రోజులు. గ్రాఫ్ కూడా వేశాం.

మూడు లక్షల మంది చూశారు. ఆ తర్వాత విజయభాస్కర్ చూశాడు.

"పాపా, బిన్నే రా. మమ్మల్ని చేన్లోకి రానీడంలేదు" అని అక్కమ్మ ఫోన్.

వెళ్ళేసరికి ట్రాక్టర్ గుంటక నేలను తిరగేస్తోంది. పక్కూరి కూలీలు ఏరి విజయభాస్కర్ మూటలు నింపుతున్నారు. అక్కమ్మ గట్టు మీద నిలబడి ఉంది.

"ఏమన్నా ఇది? ఆళ్ళు ప్రతి ఏడూ ఏరుకుంటాండేదే గదా?" అన్నాను విజయభాస్కర్‌తో.

"ఏరుకుంటారని తెలుసు పాపా. ఎంతో తెల్దు. ఐదు క్వింటాళ్ళ పైనే అని నువ్వే జెప్పినావు. నాకు ఎకరాకి మూడు మూటలు రాలే. తెలిసినాక ఎట్ల ఊరుకుండేది?"

"వీడియో తీసేస్తానన్నా."

"తీసేయ్. నేను మర్సిపోతానా?"

అతను చెప్పిందాంట్లో తప్పేంటో వెతికాను. దొరకలేదు.

"కూలికన్నా పిలువప్పా" అంది అక్కమ్మ.

"మోకాళ్ళు వంగవని నువ్వే వీడియోలో చెప్తివి గదక్కా!"

ఇద్దరం రోడ్డు మీదికి వచ్చాం. అక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోనీలే. బళ్ళారి దిక్కు పోతా. ఆడ ఇప్పుడిప్పుడే పీకుతాండారు. ఆ దిక్కు జనం కన్నడమే చూస్తారు, నీ వీడియో చూసిండరు."

ఫోన్ తీసి చూపించాను.

"కన్నడంలో కూడా పెట్టినారు పెద్దమ్మా. నిన్ననే. నీ మొగం, ఆ లెక్క, అన్నీ ఉండాయి."

"ఎవురు పెట్టమనింది?"

"నేనే. ఇంకా ఎక్కువ మంది చూస్తారని."

 

బళ్ళారి బస్సు వచ్చి ఆగింది. "ఎక్కుతావా అవ్వా?" అని కండక్టర్ రెండుసార్లు అడిగాడు. అక్కమ్మ ఖాళీ సంచిని మడత పెడుతూనే ఉంది.