తీతువు పొదిగిన చేను

తెల్లవారి కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, పాలు కాచి దించాక నాకు దొరికేది ఓ అరగంట. ఆ అరగంట కోసం ఇరవై ఏళ్ళుగా అబద్ధం ఆడుతూనే ఉన్నాను. గడ్డి కోసుకొస్తానంటాను, పుల్లలేరుకొస్తానంటాను. నిజానికి ఉలవ చేను గట్టు మీద కాసేపు ఊరికే నిలబడడానికి వెళతాను. ఫాల్గుణంలో చీపురుపల్లి వైపు కొండలు మంచులో సగమే కనిపిస్తాయి. మోదుగలు ఆకంతా రాల్చుకుని ఎర్రగా పూస్తాయి. గట్టంతా పసుపుపచ్చని పల్లేరు పువ్వులు. కరెంటు తీగ మీద పచ్చపిట్టలు వరసగా కూర్చుని, ఎండ తగిలాక ఒక్కొక్కటే లేస్తాయి. ఉత్త చేతులతో వస్తే మా అత్త లక్ష్మణమ్మ ఏమంటుందో తెలుసు గనక, తిరిగొచ్చేటప్పుడు మోపు కట్టుకునే వస్తాను.

ఈ ఏడు ఉలవలు పీకేసిన చేలో, గులకరాళ్ళ మధ్య, తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. రాళ్ళ రంగే వాటిదీ. తల్లి అరుస్తూ నా చుట్టూ తిరక్కపోతే తొక్కేసేదాన్నే. ఆ రోజు నుంచి రోజూ చూశాను. ఆడదీ మగదీ వంతులు వేసుకుని పొదుగుతున్నాయి. ఒకటి లేవగానే రెండోది వచ్చి కూర్చుంటుంది. నాకు జ్వరమొచ్చిన రోజు కూడా గంజి నేనే కాచుకున్నది గుర్తొచ్చి నవ్వుకున్నాను.

వారం తిరిగేసరికి మబ్బు పట్టి ఓ వాన పడింది. నేల పదును ఆరిపోకముందే నువ్వులకు దున్నించాలని మా ఆయన ధనరాజు ట్రాక్టరు మాట్లాడాడు. అన్నం వడ్డిస్తూ గుడ్ల సంగతి చెప్పి, ఆ కాస్త చోటూ వదిలేద్దామన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. అత్త నవ్వలేదు. తీతువు కూత ఇంటికి మంచిది కాదంది.

మర్నాడు అందరికంటే ముందే వెళ్ళి గుడ్ల చుట్టూ నాలుగు కర్రలు పాతి, పాత చీర చింపి కట్టాను. ట్రాక్టరు తోలే నాగబాబుకి చెబితే తలూపి చుట్టూ తిప్పి దున్నేశాడు. చేను మధ్యలో మంచమంత చోటు మిగిలింది. తర్వాత వచ్చిన ధనరాజు అది చూసి గట్టు మీదే ఆగిపోయాడు.

“ఆడికెవరు సెప్పారు వదిలెయ్యమని?”

“నేనే సెప్పాను.”

“పొద్దున్నే సేలో నీకేటి పని?”

గడ్డి అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“పిట్టల్ని సూడ్డానికొస్తన్నాను బావా. రోజూ. గడ్డి అని ఉత్తినే సెప్తన్నాను.”

ఇన్నేళ్ళూనా అన్నాడు. అవునన్నాను. ఆ చోటు వదిలేసి మిగతా చేలో నువ్వులు చల్లాడు.

నెల తిరక్కముందే నాలుగూ పిల్లలయ్యాయి. పుట్టిన పూటే పరుగులు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే, చింతపండు గింజలు తీస్తున్న అత్త చెయ్యి ఆగింది. పిల్లలకి కాళ్ళు అప్పుడే పొడుగ్గా ఉన్నాయా అని అడిగింది. ఆవిడకెలా తెలుసని నేను తెల్లబోయాను. కొత్తకోడలప్పుడు తనూ చూసేదట. పని చెయ్యడానికొచ్చావా, ఆకాశం చూడ్డానికొచ్చావా అని ఆవిడ మామ ఓ రోజు కూలీలందరి ముందూ అడిగాడట. అప్పటినుంచి చేలో తలెత్తలేదట.

“రేపు నన్నూ తీసుకెల్తావేటే?” అంది, గింజలకేసే చూస్తూ.

తెల్లారేసరికి చెప్పులేసుకుని వాకిట్లో ఉంది. ధనరాజు మంచం మీంచే టీ అడిగాడు. నేను వెనక్కి తిరగబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

“పాలున్నాయి, నువ్వే కాసుకోరా. మా ఇద్దరికీ కూడా ఉంచు” అంది కొడుకుతో, గుమ్మం దిగుతూ.