అంచు కట్టే చేతులు

మడివాళ సంత వెనక రేకుల షెడ్డులో సొన్నమ్మ పొద్దున్నే నీళ్ళు చల్లి, వెదురు పొట్టంతా ఊడ్చి పెట్టింది. బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక ఆఫీసు నుంచి హరిణి అనే అమ్మాయి వస్తోంది. దీపావళికి ఉద్యోగులకిచ్చే కానుకల బుట్టలు ఇక్కడ చేయించాలని వాళ్ళ ఆలోచన. ఆ పని దొరికితే షెడ్డు నిలుస్తుంది. లేకపోతే అద్దె కట్టలేక ఖాళీ చెయ్యాలి. ఎరుకల కుటుంబాలు మళ్ళీ ఎవరి గుడిసె ముందు వాళ్ళు కూర్చుని, ప్లాస్టిక్ ట్రేలొచ్చాక ఎవరూ కొనని కూరగాయల తట్టలు అల్లుకోవాలి. వాళ్ళందరినీ ఒకచోటికి చేర్చింది సొన్నమ్మే.

నేనుండేది పక్క వీధిలో. నా భార్య పద్మావతి పోయాక మా ఇంట్లో కుక్కర్ కూత తప్ప వేరే చప్పుడు లేదు. ఇంగ్లీషు మెయిళ్ళు చదివి చెప్తానన్న వంకతో రోజూ ఇక్కడికొస్తాను. గోడవార నాకొక ముక్కాలిపీట వేసి ఉంచుతారు. దానిమీద వేరెవరూ కూర్చోరు.

హరిణి బుట్టల్ని ముచ్చటగా తిప్పి చూసింది.

"అల్లిక సూపర్ అమ్మా. కానీ అంచులు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. అన్నీ మీరే కట్టేయండి. ప్రతి బుట్టకీ మీ ఫోటో, మీ పేరుతో కార్డ్ పెడతాం."

"అట్ల కుదరదమ్మా," అంది సొన్నమ్మ. "మా ఇండ్లల్లో అల్లినోళ్ళు అంచు కట్టరు."

"ఎందుకని?"

"చూపు తగ్గినోళ్ళు, తోడు పోయినోళ్ళు, బద్ద చీల్చే సత్తువ లేనోళ్ళు ఉంటారు గదా. అంచు వాళ్ళది. మా అవ్వ కాలం నుంచి అంతే. ఆ పుల్లయ్య మామ ఉండాడు చూడు, అంచు లాక్కుంటే పొద్దంతా ఏం చేస్తాడు? నన్ను తిడ్తా కూర్చుంటాడు."

మూలనున్న పుల్లయ్య తలెత్తకుండానే అన్నాడు. "అంచు కడ్తా గూడా తిడ్తానే ఉండాను కదమ్మే."

హరిణి నవ్వింది గానీ, ఫోను చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. "మా టీమ్‌కి ఒక్క ఫేస్ కావాలమ్మా. ఒప్పుకుంటారో లేదో."

"ఒప్పుకోకుంటే షెడ్డు పోతాది. తెలుసు." సొన్నమ్మ గొంతు పెరగలేదు. "వీళ్ళను పక్కన పెట్టి షెడ్డు ఎవురికని నిలబెట్టేది?"

హరిణి ఫోను తీసుకుని బయటికెళ్ళింది. సొన్నమ్మ చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి. వాటినలా నేనెప్పుడూ చూడలేదు. పుల్లయ్య తన టీ గ్లాసు మెల్లగా ఆమె వైపు జరిపాడు.

హరిణి తిరిగొచ్చింది. "కార్డులో రెండు పేర్లూ వేస్తారట. అల్లినవాళ్ళది, అంచు కట్టినవాళ్ళది. చోటు చాలదు కాబట్టి ఫోటో ఉండదు. కానీ అన్నీ పండక్కి ముందే కావాలి."

"ఫోటో పోతే పోనీలే," అన్నాడు పుల్లయ్య. "చూసేదానికేముండాది?"

హరిణి వెళ్ళాక సొన్నమ్మ షెడ్డంతా కలియజూసింది. "అల్లేటోళ్ళు ఉండారు. అంచుకే చేతులు చాలవు." చూపు నా మీద ఆగింది. "అమరనాథ్ సార్, ఆ పీట మింద నుంచి లేయండి."

లేచాను. ఆమె పుల్లయ్య పక్కన గోనెసంచి పరిచింది.

"ఎన్నో దినాల నుంచి అడగాలనుకుంటాండా. మొహమాటపడ్తారని అడగల్యా."

"నాకు రాదమ్మా."

"రాకుంటేనే మేలు. మామకి తిట్టేకి ఒక మనిషి కావల్ల."

నేను కట్టిన మొదటి అంచు పుల్లయ్య విప్పేశాడు. మళ్ళీ కట్టాను. బొటనవేలితో చుట్టూ తడిమి చూసి, ఏమీ అనకుండా నా ముందు ఇంకో బుట్ట పెట్టాడు.

"తిట్టలేదే?" అన్నాను.

"రేపు ఉండాది కదప్పా," అన్నాడు. "రేపు తిడ్తా."