పి.పి. నంబరు

రాంగోపాల్‌పేట్‌లో ఆ గల్లీ మొత్తానికి ఫోను ఒక్క అనసూయమ్మ ఇంట్లోనే ఉండేది. పెళ్లి సంబంధాలైనా చావు కబుర్లైనా ముందు ఆవిడ చెవిన పడాల్సిందే. ఎవరు దరఖాస్తు పెట్టినా ఆవిడ నంబరే రాసి, పక్కింటి ఫోను అని తెలిసేలా పి.పి. అని చేర్చేవారు. వాళ్లు వచ్చి మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ అక్కడే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసేది. పుణ్యాత్మురాలు, ఒక్కరి గుట్టయినా కడుపులో దాచుకున్న పాపాన పోలేదు.

వెనక వాటాలో స్వర్ణలత ఉండేది. తండ్రి తుకారాం నడుం విరిగి మంచాన పడ్డాక ఆ ఇంటికి ఆ పిల్లే దిక్కు. ఊరంతా కంప్యూటర్ ఉద్యోగాల పిచ్చి పట్టిన రోజులు. బేగంపేటలో, అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైపు కొట్టే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఉద్యోగంలోకి తీసుకుంటే ఆర్డరు ఈమెయిల్‌కే పంపుతాం, ఆ అడ్రసు తెచ్చి ఇవ్వమన్నారు.

మోండా మార్కెట్‌కు కూరగాయలకు పోతూ అనసూయమ్మ కూడా ఆ పిల్లతో ఇంటర్నెట్ సెంటరుకు వచ్చింది. సెంటరు నడిపే దయాకర్ ఈమెయిల్ పెట్టెల్లో రెండు మూడు రకాలు చెప్పాడు. ఒకదాంట్లో జాగా ఎక్కువ, ఇంకోటి తొందరగా తెరుచుకుంటుంది. గంటల లెక్కన అద్దె కట్టేది తనే కాబట్టి స్వర్ణలత తొందరగా తెరుచుకునేదే ఎంచుకుంది. తన పేరు ఎవరో అప్పటికే పెట్టేసుకున్నారంటే తండ్రి పేరు తగిలించింది. అనసూయమ్మకు భలే సరదాగా ఉంది. తెర మీదికి ఇంకాస్త వంగింది.

"పాస్‌వర్డ్ కొట్టాలె. జెర అటు తిరుగుండ్రి పెద్దమ్మా" అంది స్వర్ణలత.

"నేను సుతనా?"

"ఎవ్వరికీ చూపియ్యొద్దంట. ఇగ మీకు సుత తక్లీఫ్ ఉండది. నా కబుర్లన్నీ గిందులనే వస్తయి."

దయాకర్ అప్పటికే అటు తిరిగాడు. అనసూయమ్మ కూరల సంచీ పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడింది. గల్లీలో ప్రతి కబురూ తన ఇంటి నుంచే బయటికి పోయేది. అలాంటి తనని, నిన్నమొన్నటి పిల్ల గోడవైపు తిప్పింది. అవమానంతో ఒళ్లు మండిపోయింది.

స్వర్ణలత ఆ అడ్రసు కంపెనీలో ఇచ్చొచ్చాక వారం తిరక్కుండానే అనసూయమ్మ ఇంట్లో ఫోను మోగింది. కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి. స్వర్ణలతను తీసుకున్నామని, వస్తానని ఒక్క మాట చెబితే ఆర్డరు ఈమెయిల్‌కు పంపుతామని, కాస్త పిలవమని అడిగింది. దరఖాస్తులో పాత పి.పి. నంబరే ఉంది మరి.

కిటికీలోంచి చూస్తే స్వర్ణలత పెరట్లో తండ్రి దుప్పటి ఆరేస్తోంది. కేకేస్తే వినపడేంత దూరం. అనసూయమ్మ గొంతు తగ్గించింది.

"గా పిల్లకు లగ్గం కుదిరిందమ్మా. కొలువు చెయ్యదంట. ఇంకెవరికన్న ఇయ్యుండ్రి."

ఫోను పెట్టేసి చిక్కుడుకాయల చాట ముందుకు లాక్కుంది. బాధపడిందా అంటారేమో. ఆ పూట కూర కమ్మగా కుదిరితే రెండోసారి వడ్డించుకుంది.

స్వర్ణలత రోజూ సెంటరుకు పోయి, దయాకర్‌ను అటు తిరగమని, పెట్టె తెరిచి, ఏమీ లేక తిరిగొచ్చేది. కంపెనీకి వెళ్తే, తీసుకున్నవాళ్లకు ఈమెయిల్ వస్తుందని గేటు దగ్గరే చెప్పి పంపేశారు. ఇంట్లో తుకారాం మందులు ఆగిపోయాయి. ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చి అనసూయమ్మ గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, నాకేమన్న ఫోను వచ్చిందా?"

"నీకు ఫోను ఎందుకొస్తది బిడ్డా, ఈమెయిల్ ఉన్నది గదా" అంది అనసూయమ్మ, ఆ పిల్ల తల నిమురుతూ. "రోజూ పోయి చూస్తుండు. ఇడువకు."

స్వర్ణలత కళ్లు తుడుచుకుని తలూపింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ సెంటరుకు బయల్దేరింది.