పొటాటో సలాడ్ ఎవరు చేశారు?

ఉడికిన బంగాళాదుంపలు వేడి మీదే తొక్క తీయాలి. వేళ్లు చుర్రుమంటున్నాయి. రేపు చర్చి భోజనాలకు సలాడ్ నాదే, పెళ్లయినప్పటి నుంచీ నాదే. చెంపకీ భుజానికీ మధ్య ఫోన్. అవతల మా యూనివర్సిటీ డిజిటల్ సెంటర్ డైరెక్టర్ హాల్వర్సన్. "సోమవారం వెబ్‌సైట్ ప్రారంభం కదా కోర్లిస్, మొదటి పేజీలో నా పేరొక్కటే ఉంటే బాగుంటుంది. నువ్వు సాంకేతిక సహాయం కింద ఉంటావు. ఇలాంటివి నీకు పట్టవులే."

ఎందుకు పట్టవు? అమెరికా దక్షిణాదిలో ఈ మేకన్ ఊళ్లో మా నల్లవాళ్ల చర్చిల ముసలమ్మల గుమ్మాలెక్కి, వాళ్ల పాటలూ ప్రార్థనలూ రికార్డు చేసి, లోకమంతా వినేలా వెబ్‌సైట్ కట్టింది నేను. పాఠాలు చెప్పి, క్యాంపస్‌లో ఏ నల్లపిల్ల ఏడ్చినా నా గదికే పంపితే ఓదార్చి, ఇంటికొచ్చి వండి, ఆ మిగిలిన కాస్త వేళలో కట్టాను. ఉద్యోగం పర్మనెంట్ కావడానికి నాకున్నది ఇదొక్కటే. నా మొగుడు టెరెన్స్‌కు చెబితే టీవీలో ఆట మీంచి కళ్లు తిప్పకుండా, "మళ్లీ ఆ కంప్యూటర్ గోలేనా? పుస్తకం రాయమని ఎప్పుడో చెప్పాను. ఈసారి సలాడ్‌లో ఆవముద్ద తగ్గించు," అన్నాడు. ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరగడం అప్పటికే అయిపోయింది, సాకు కూడా లేదు.

ఆదివారం చర్చి కింది హాల్లో నా గిన్నె దగ్గర వరుస ఆగింది. ఎప్పుడూ ఆగుతుంది. చేసిన చెయ్యి ఎవరిదో తెలియందే మావాళ్లు పొటాటో సలాడ్ ముట్టరు.

"ఇదెవరు చేశారు?" అంది చర్చి పెద్దమ్మ ఓజెల్లా. నేను మొట్టమొదట రికార్డు చేసింది ఈమె పాటే.

"మా కోడలే వదినా, వడ్డించుకో," అంది మా అత్తగారు ఎర్లీన్.

"అయితే సరే. పోయినేడు ఎవరో మహాతల్లి ఎండుద్రాక్ష వేసింది, ఇంకా మర్చిపోలేదు." నాకేసి తిరిగింది. "ఏమే, రేపు నా పాట వినిపిస్తారటగా. నువ్వు కాబట్టి పాడాను. మీ డైరెక్టర్ తెల్లదొరగారొస్తే తలుపే తీసేదాన్ని కాదు."

గరిటె కదిలింది, అందరూ తింటున్నారు. టెరెన్స్ మగవాళ్ల బల్ల దగ్గర నవ్వుతున్నాడు. ఇంతమందిలో నా సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషీ లేడు. మెట్ల కింద ఒంటరిగా కూర్చుని ఫోన్ తీశాను. వెబ్‌సైట్‌లో ఒక్కో గొంతూ ఎవరికీ వినబడకుండా మూసేశాను. ఉద్యోగం పోవచ్చు. అయినా హాల్వర్సన్‌కు రాసి పంపాను:

"రేపు పాటలు వినిపించవు. చేసిందెవరో చెప్పందే మావాళ్లు ఏదీ ముట్టనివ్వరు."