ఇంటి లోపలి బూట్లు

బూట్లు విప్పకుండా నా ఇంట్లోకి నేను వెళ్లవచ్చా? జీవితమంతా తత్వశాస్త్రం చదివి, కాలేజీలో దాన్నే బోధించిన మనిషి వేసుకోవలసిన ప్రశ్న ఇది కాదనిపిస్తుంది. కానీ ఇప్పుడు నాకు మిగిలింది ఇదొక్కటే.

నాకు పార్కిన్సన్స్. నడుస్తుండగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. ఒళ్లు మాత్రం ముందుకు వెళ్లిపోతుంది. ఫిజియోథెరపిస్టు సబీహా నా పాత స్లిప్పర్లను చూసి, "ఇవి మీ కాలిని పట్టుకోవండీ. పారేయండి," అంది. మడమను పట్టి ఉంచే తేలికైన బూట్లు తెప్పించింది. అడుగుభాగం జారదు, అలాగని నేలను పట్టేసుకోదు. వేళ్లు వణికినా బిగించుకోగల వెల్‌క్రో పట్టీలు. "ఇంట్లో కూడా వేసుకునే ఉండాలండీ. వట్టికాళ్లతో టైల్స్ మీద తిరగొద్దు."

కొన్నాళ్లు ఎవరి చేయీ పట్టుకోకుండా బాత్రూముకు వెళ్లి వచ్చాను. అది ఎంత గొప్ప స్వేచ్ఛో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

అప్పుడే కలిదిండిలో మా తమ్ముడి చెరువులో చేపలు చచ్చి తేలాయి. మబ్బు పట్టి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. ఆ సంగతి తమ్ముడు కృష్ణబాబుకు తెలుసు. కానీ అతని భార్య సత్యశ్రీ, మేమంతా కలిసి ఉండే ఇంట్లో, దేవుడి గది ముందు కూర్చుని నా పాదాల వైపు చూసింది.

"నేనెవరినీ ఏమీ అననండీ. బూట్లతో ఇల్లంతా తొక్కితే లక్ష్మి నిలుస్తుందా అండీ? అంతే."

"ఇవి వీధి మొహం చూడలేదమ్మా."

"బూటు బూటే కదండీ, బావగారూ."

ఆ రోజే బూట్లు వరండాలో స్టాండు మీదికి చేరాయి. గడప దగ్గర వట్టికాళ్లతో ఆగిపోయి నిలబడితే, చేపలు కొనడానికి వచ్చినవాళ్లతో తమ్ముడు అనేవాడు: "మా అన్నయ్య వేదాంతి కదండీ. గడప దాటాలన్నా ఆలోచించాలి." వాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే నొచ్చుకున్నానని తెలిసిపోతుంది.

ఒక ఉదయం బాత్రూము ముందు జారి పడ్డాను. నుదురు చిట్లింది. సత్యశ్రీ గుడ్డ తెచ్చింది. ముందు నేల తుడిచింది.

ఆ సాయంత్రం తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. "అన్నయ్యా, చెరువు గట్టు మీద షెడ్డు ఖాళీగా ఉంది. మంచం వేయిస్తాను, ఫ్యాను పెట్టిస్తాను. అక్కడ మీరు బూట్లతో పడుకున్నా అడిగేవాళ్లుండరు. రేపు మేత బస్తాల బండి వెళ్తోంది, ముందు సీట్లో కూర్చోండి."

"మంచి గాలండీ అక్కడ," అంది సత్యశ్రీ.

ఈ ఇల్లు నాన్న మా ఇద్దరికీ ఇచ్చాడు. ఆ మాట వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తెల్లవారి శుక్రవారం. గడపకు పచ్చగా పసుపు రాసి ఉంది. నా సంచీ అప్పటికే బండిలో ఉంది. వరండాలో కుర్చీలో కూర్చుని ఆలోచించాను. శరీరం నేను కాదని ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. కాకపోవచ్చు. పడేటప్పుడు మాత్రం పడుతున్నది నేనే. సత్యశ్రీ భయం నటన కాదు. బూటుతో లోపలికి వెళితే ఆమె నిజంగానే ఏడుస్తుంది. తెలిసి చేస్తే అది క్రూరత్వమే. ఈ ఇంట్లో అది వాళ్ల దగ్గరే ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

డ్రైవరు హారను కొట్టాడు.

"లేవండి అన్నయ్యా, ఎండెక్కుతుంది."

"నేను రావడం లేదు. ఆ సంచీ దింపించు."

స్టాండు మీది బూట్లు తీసుకుని పట్టీలు నేనే బిగించుకున్నాను. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం రాలేదు. గడప ముందు పాదాలు ఎప్పటిలాగే ఆగిపోయాయి. సబీహా నేర్పినట్టు బరువంతా ఒక కాలి మీదికి మార్చి, రెండో మోకాలు ఎత్తాను.

"బావగారండీ, దీపం వెలుగుతోందండీ! శుక్రవారమండీ!" సత్యశ్రీ ఏడ్చేసింది.

కాలు గడప అవతల దించాను. రెండో కాలు కూడా లోపలికి తీసుకుని, ఏడుస్తున్న ఆమె పక్కనుంచి, దేవుడి గది ముందు నుంచి బాత్రూము వైపు నడిచాను.